'నొప్పించు': ఒక క్రియాపదం, దాని వర్గ చరిత్ర

సాహిత్య చర్చల్లోకి ఇటీవలి దశాబ్దాల్లో ఒక వాక్యం బలంగా ప్రవేశించింది: "మా మనోభావాలు దెబ్బతిన్నాయి." కథ మీద, కవిత మీద, సినిమా పేరు మీద, పాఠ్యపుస్తకంలోని ఒక పేరా మీద ఈ వాక్యాన్ని ప్రయోగిస్తున్నారు. ప్రయోగించిన మరుక్షణం చర్చ రచనను వదిలి పక్కకు పోతుంది. రచనలో చెప్పింది నిజమా కాదా అన్న ప్రశ్న వెనకబడి, ఎవరికి కోపం వచ్చింది, ఎంతమందికి వచ్చింది అన్న లెక్క ముందుకొస్తుంది. భావప్రకటనా స్వేచ్ఛకు సంబంధించిన సమస్యగా దీన్ని అభ్యుదయ, విప్లవ రచయితల వేదికలు చాలాసార్లు చర్చించాయి. ఆ చర్చ అవసరమే. అయితే ఇందులో భాషకు సంబంధించిన సమస్య కూడా వుంది. ఆ వాక్యాన్ని దాని మాటల్లోనే అంగీకరించి ఆ తర్వాత వాదనకు దిగితే, వాదన మొదలుకాక ముందే సగం ఓడిపోతాం.

ఎదుటి మనిషి మనసుకు బాధ కలిగించడాన్ని చెప్పడానికి తెలుగుకు తన సొంత క్రియ వుంది. అది 'నొప్పించు'. ఆ క్రియ ఎక్కడ పుట్టింది, ఎవరి నోట ఎవరిని గురించి నడిచింది, ఇవాళ దాని స్థానాన్ని 'మనోభావాలు' ఎలా ఆక్రమించింది అన్నది పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1

'నొప్పించు' మనసుకు సంబంధించిన మాటగా పుట్టలేదు. దాని ధాతువు దేహానిది. తమిళంలో 'నోయ్' అంటే జబ్బు. కన్నడంలో 'నోవు' అంటే నొప్పి. మలయాళంలో 'నోవుక' వుంది. మన నోవు, నొచ్చు, నొవ్వు, నొప్పి ఈ ద్రావిడ కుటుంబానివే. తలనొప్పి, కడుపునొప్పి, పురిటినొప్పులు అన్నప్పుడు ఆ నామవాచకం ఇప్పటికీ దేహాన్ని వదిలిపెట్టలేదు. ప్రేరణార్థక క్రియ మాత్రం మనసు వైపు నడిచింది. ఎవరైనా మన కాలు తొక్కితే 'నొప్పించాడు' అనం, 'తొక్కాడు' అంటాం. మాటతో బాధపెట్టినవాణ్ని గురించే 'నొప్పించాడు' అంటాం. శ్రమజీవి దేహంలో పుట్టిన అనుభవం నుంచి మనసు తన బాధకు మాటను అరువు తెచ్చుకుంది.

దీని నిర్మాణం కూడా గమనించదగింది. మెచ్చు, మెప్పు, మెప్పించు. నొచ్చు, నొప్పి, నొప్పించు. మెప్పునూ నొప్పినీ తెలుగు దాదాపు ఒకే అచ్చులో పోసింది. ఒకణ్ని మెప్పించాలంటే మెప్పించేవాడు వుండాలి, మెచ్చేవాడు వుండాలి. నొప్పించడమూ అంతే. 'ఇంచు' చేరగానే వాక్యంలోకి కర్త వచ్చి నిలబడతాడు. ఎవరు నొప్పించారు, ఎవరిని నొప్పించారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు లేకుండా ఈ క్రియతో వాక్యం పూర్తికాదు.

దీని పక్కనే 'నొచ్చుకొను' వుంది. ఇందులోని 'కొను' బాధను తనలోకి తీసుకోవడాన్ని సూచిస్తుంది. ఎవరూ నొప్పించకపోయినా నొచ్చుకోవచ్చు. 'నేనేమన్నానని నువ్వు నొచ్చుకుంటున్నావు?' అని అడిగే వీలు తెలుగులో వుంది. 'నువ్వు నన్ను నొప్పించావు' అని బదులు చెప్పే వీలూ వుంది. ఈ రెండు వాక్యాల మధ్య తగాదా వుంది, సంజాయిషీ వుంది, అవసరమైతే క్షమాపణ వుంది. 'చిన్నబోవు', 'చిన్నబుచ్చు' జంట కూడా ఇలాంటిదే. పోవుకు ప్రేరణార్థకం పుచ్చు. చిన్నబోయినవాడు తనంతట తాను కుంచించుకుపోయాడు. చిన్నబుచ్చినవాడు ఎదుటివాణ్ని కుంచించుకుపోయేలా చేశాడు. ఎవరి బాధ్యత ఎంత అని తేల్చుకోవడానికి కావలసిన పరికరాలు మన వ్యాకరణంలోనే వున్నాయని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇప్పుడు 'మనోభావాలు దెబ్బతిన్నాయి' అన్న వాక్యాన్ని చూద్దాం. దెబ్బ కొట్టినవాడు ఈ వాక్యంలో లేడు. దెబ్బ తిన్నది మనిషి కాదు, భావాలు. 'తిను' చేరిన క్రియలో కర్త అదృశ్యమవుతాడు. 'మా' అన్న సర్వనామంలో ఎందరున్నారో, వారి తరఫున మాట్లాడే హక్కు ఎవరిచ్చారో చెప్పనక్కర్లేదు. ఇది సంస్కృత సమాసం కాబట్టి వద్దనడం నా వాదన కాదు. పరాయి మాటలను జనం ఎప్పుడూ కలుపుకుంటూనే వున్నారు. ఇక్కడి అభ్యంతరం వాక్య నిర్మాణం మీద. మనుషులు లేని వాక్యంతో తగాదా పడలేం. దానికి లొంగాలి, లేదా దాన్ని ధిక్కరించాలి.

2

అయితే 'నొప్పించు' అన్నది అచ్చమైన ప్రజల మాట, 'మనోభావాలు' పాలకుల మాట అని గీత గీసి ఊరుకుంటే అది చరిత్రను సగమే చూడటం అవుతుంది. 'నొప్పించు'కు కూడా వర్గ స్వభావం వుంది.

వరంగల్లు ప్రాంతపు స్టేషన్ ఘన్‌పూర్ వ్యవహారాన్నే ఉదాహరణగా తీసుకుందాం. 2016 నుంచి ఇది జనగామ జిల్లాలో వుంది. కాజీపేట–సికింద్రాబాదు రైలు మార్గం మీద వుండటంవల్ల ఊరి పేరుకు ముందు 'స్టేషన్' చేరింది. ములుగు వైపు వున్న మరో ఘన్‌పూర్ నుంచి దీన్ని వేరు చేసి చెప్పేది ఆ మాటే. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఒకే నోట కలిసే ఈ సీమలో మనసు బాధకు మాటల కరువు లేదు. 'నారాజ్ అయిండు' అంటారు. 'మనసు ఖరాబు చేసుకోకు' అంటారు. 'మొఖం చిన్నవోయింది', 'మనసు ఇరిగింది' అంటారు. లోపలే వుండి మనిషిని తినేసే బాధను 'మనాది' అంటారు. ఇతరుల చేత అనిపించుకోవడాన్ని 'మాట వడుడు' అంటారు. వాన పడినట్టు, దెబ్బ పడినట్టు మాట వచ్చి మనిషి మీద పడుతుంది.

ఈ మాటలు ఎవరి మధ్య నడుస్తాయో చూడండి. వియ్యాలవారిని నొప్పించకూడదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని చిన్నబుచ్చకూడదు. పెద్దమనిషి నారాజ్ కాకుండా చూసుకోవాలి. సమానుల మధ్య, లేదా కింది నుంచి పైకి చూసేటప్పుడు ఇవి నడుస్తాయి. పై నుంచి కిందికి వచ్చేసరికి ఈ క్రియలు మాయమవుతాయి. 'దొరను నొప్పించవద్దు' అన్న వాక్యం చెవికి సహజంగా వినిపిస్తుంది. 'దొర తన జీతగాణ్ని నొప్పించాడు' అన్న వాక్యం వినిపించదు. జీతగాణ్ని దొర తిడతాడు, కొడతాడు, వెళ్లగొడతాడు. రాజయ్యను 'రాజిగా' అని పిలుస్తాడు. అది నొప్పించడంగా లెక్కలోకి రాదు, ఎందుకంటే నొచ్చుకోగల మనసు జీతగాడికి వున్నట్టు ఆ సమాజం అంగీకరించలేదు. వ్యాకరణం అడిగే కర్మస్థానంలో నిలబడే అర్హత కూడా భూమితో, కులంతో ముడిపడి వుండేది.

ఘన్‌పూర్‌కు కొద్ది దూరంలోని పాలకుర్తి చరిత్ర ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. చాకలి ఐలమ్మ (1895–1985) కౌలుకు తీసుకున్న భూమిలో పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖు కాజేయాలని చూశాడు. ఆంధ్రమహాసభ సంఘం అండతో ఆమె ఆ పంటను దక్కించుకుంది. వెట్టి చేయవలసిన కులంలో పుట్టిన స్త్రీ సంఘంలో చేరి, భూమి సాగుచేసి, పంట నాదని నిలబడటం దొరతనానికి తగిలిన దెబ్బ. ఆ దెబ్బకు జవాబుగా గూండాలూ కేసులూ వచ్చాయి. దొర మనసు కష్టపడితే దానికి అమలు యంత్రాంగం వుంది. 'నీ బాంచెన్ కాల్మొక్త' అని బతికిన జనం మనసుకు అలాంటి యంత్రాంగం లేదు.

ఆ జనానికి మిగిలిన మాట 'ఉసురు'. 'పేదోళ్ల ఉసురు పోసుకోకు', 'ఉసురు తాకుతది' అంటారు. ఉసురు అంటే ప్రాణం, ఊపిరి. తమిళ 'ఉయిర్', కన్నడ 'ఉసిరు' దీని తోబుట్టువులు. నొచ్చుకునే హక్కు లేని మనిషి తన ఊపిరినే శాపంగా మార్చుకున్నాడు. పోరాటం రాకముందు అణగారిన మనిషికి దొరికిన న్యాయస్థానం అదొక్కటే. తీర్పు ఎప్పుడొస్తుందో తెలియని న్యాయస్థానం అది.

3

మన నీతి సాహిత్యం 'నొప్పించు'ను ఎలా వాడుకుందో కూడా చూడాలి. బద్దెన పేర ప్రచారంలో వున్న సుమతీ శతకంలో బడిపిల్లలందరికీ నోటికి వచ్చే పద్యం ఒకటి వుంది. ఎదుటివారిని నొప్పించకుండా, తాను నొచ్చుకోకుండా, చిక్కుల్లోంచి జారుకోగలిగినవాడే ధన్యుడని దాని సారాంశం. తరతరాలుగా దీన్ని సౌజన్యానికి నిర్వచనంగా బోధిస్తున్నాం. కాని ఇది ఎవరి సౌజన్యం? కొలువులో బతకవలసినవాడికి, పైవాడి ముఖం చూసి మాట మార్చుకోవలసినవాడికి పనికొచ్చే నేర్పు ఇది. నొప్పించకపోవడాన్ని జారుకోవడంతో ముడిపెట్టడం వల్ల, నిజం చెప్పవలసిన చోట మౌనంగా వుండటం కూడా సుగుణాల జాబితాలోకి చేరింది.

ఈ నేర్పు మన విమర్శ రంగంలోకి పూర్తిగా వచ్చింది. పుస్తకావిష్కరణ సభల్లో, ముందుమాటల్లో, సమీక్షల్లో రచయిత నొచ్చుకోకూడదన్నది మొదటి నియమంగా మారింది. కథలో పాలేరు పాత్ర బొమ్మలా వుందని, స్త్రీ పాత్ర త్యాగం చేయడానికే పుట్టినట్టుందని గుర్తించిన సమీక్షకుడు కూడా దాన్ని చివరి పేరాలో అరవాక్యంగా కుదించి 'కొన్ని చిన్న లోపాలున్నా' అని దాటేస్తాడు. అభ్యుదయ శిబిరం దీనికి మినహాయింపు కాదు. సాటి రచయిత తప్పును సాటి రచయిత చెప్పడానికి జంకే చోట, బయటి గుంపులు 'మమ్మల్ని నొప్పించారు' అని వచ్చినప్పుడు ఎదుర్కొనే అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది? విమర్శను గాయంగా చూడటం మనలోనే మొదలైంది.

4

'మనోభావాలు దెబ్బతినడం' వెనుక ఇంకొక భాష వుంది. అది శాసన భాష. వలస ప్రభుత్వం 1860లో చేసిన భారత శిక్షాస్మృతిలో 298వ సెక్షన్, ఒక వ్యక్తి మతానుభూతులను గాయపరచాలన్న ఉద్దేశంతో అతనికి వినబడేలా మాట అనడాన్ని, కనబడేలా సైగ చేయడాన్ని నేరం చేసింది. గాయం అన్న రూపకం చట్టంలోకి అక్కడ స్పష్టంగా వచ్చింది. అయినా ఆ సెక్షన్లో మనుషులున్నారు. అన్నవాడున్నాడు, విన్నవాడున్నాడు. మన 'నొప్పించు'కు అది దగ్గరగానే వుంది.

1920లలో పరిస్థితి మారింది. లాహోరులో వెలువడిన 'రంగీలా రసూల్' అన్న పుస్తకం ప్రచురణకర్తను అక్కడి హైకోర్టు 1927లో విడుదల చేసింది. ముస్లింలలో ఆందోళన చెలరేగింది. మత ఘర్షణలు పెరుగుతున్న ఆ కాలంలో ప్రభుత్వం అదే ఏడాది 295–ఎ సెక్షన్‌ను చేర్చింది. ఇందులో బాధితుడు వ్యక్తి కాదు, ఒక 'తరగతి'. వినబడటం, కనబడటం అన్న షరతులు పోయాయి. రాసినవాడు ఒకచోట, నొచ్చుకున్నామనేవారు వందల మైళ్ల అవతల వుండవచ్చు. ఉద్దేశపూర్వకమైన ద్వేషబుద్ధి వుండాలన్న షరతు మాత్రం మిగిలింది. సుప్రీంకోర్టు 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో ఈ సెక్షన్‌ను సమర్థిస్తూనే, తెలియక చేసిన, నిర్లక్ష్యంగా చేసిన అవమానాలు దీని కిందికి రావని చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవి 302, 299 సెక్షన్లుగా కొనసాగుతున్నాయి.

వ్యక్తి నుంచి తరగతికి జరిగిన ఈ మార్పే ఇవాళ పత్రికల తెలుగులో కనిపిస్తున్నది. చట్టంలో మిగిలిన ఉద్దేశమన్న షరతును కూడా వీధిలో వినిపించే వాక్యం వదిలేసింది. దెబ్బతిన్నాయి అంటే చాలు, దెబ్బ తీయాలన్న ఉద్దేశం వున్నదా అని ఎవరూ అడగరు.

5

ఈ సంగతి వరంగల్లు ప్రాంతంలోనే 2017లో రుజువైంది. వరంగల్లు జిల్లా పాపయ్యపేటలో గొర్రెల కాపరి కుటుంబంలో పుట్టిన కంచ ఐలయ్య 2009లో ఇంగ్లీషులో వెలువరించిన 'పోస్ట్ హిందూ ఇండియా' గ్రంథంలోని ఒక అధ్యాయం 'సామాజిక స్మగ్లర్లు కోమటోళ్లు' అన్న పేరుతో తెలుగులో చిన్న పుస్తకంగా వచ్చింది. ఆర్యవైశ్య సంఘాలు తమ మనోభావాలు దెబ్బతిన్నాయని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆందోళనకు దిగాయి. 2017 సెప్టెంబర్ 23న పరకాలలో ఆయన కారుపై దాడి జరిగింది. పుస్తకాన్ని నిషేధించాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు అక్టోబర్ 13న కొట్టివేసింది.

రచయిత హక్కును సమర్థించడంలో అభ్యుదయ రచయితకు సందేహం అక్కర్లేదు. కాని విమర్శకుడి పని అక్కడితో అయిపోదు. ఆ శీర్షికలో కులం పేరు, బహువచనం పక్కపక్కన వున్నాయి. వ్యాపార పెట్టుబడికీ కులానికీ వున్న సంబంధాన్ని విశ్లేషించే రచన, ఆ కులంలో పుట్టిన చిన్న కిరాణా కొట్టువాణ్ని, గుమాస్తాను కూడా అదే మాటలోకి లాగుతున్నదా అన్నది చర్చించదగిన అభ్యంతరమే. వర్గ విశ్లేషణను కోరే మనమే ఆ ప్రశ్న ముందుగా వేయాలి. 'ఈ మాట మమ్మల్ని నొప్పించింది, ఈ కారణంగా ఇది తప్పు' అని రాతలో అడిగివుంటే రచయిత జవాబు చెప్పవలసి వచ్చేది. పుస్తకంలోని ఆర్థిక వాదన నిజమో కాదో చర్చకు వచ్చేది. 'మనోభావాలు' అన్న మాట ఆ దారిని మూసేసి రోడ్డును తెరిచింది.

దీనికి ముందు అనుభవం లేకపోలేదు. రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' 1970లలో వచ్చినప్పుడు కోట్లాది మంది పూజించే కావ్యాన్నే ఆమె వర్గ దృష్టితో ఖండించింది. నొచ్చుకున్నవారు తక్కువమంది కారు. కాని వారిలో చాలామంది ఖండనలు రాశారు. ఆ ఖండనల స్థాయి ఎలా వున్నా, అది చర్చ. ఏ ప్రకరణం గురించి, ఏ శ్లోకం గురించి అని చెప్పక తప్పలేదు.

6

ఇక్కడ మన శిబిరంలో తరచు జరిగే పొరపాటు ఒకటి వుంది. 'మనోభావాలు' అన్న బూటకాన్ని ఎదుర్కొనే ఆవేశంలో 'నొప్పించడం సాహిత్యం హక్కు' అని ఊరుకుంటాం. అలాగైతే కులం పేరును తిట్టుగా వాడే సామెతలకు, పల్లెటూరి యాసను వెక్కిరించే హాస్యానికి, స్త్రీ దేహాన్ని పరిహసించే సినిమా మాటలకు కూడా ఆ హక్కు ఇచ్చినట్టే.

జాషువా 'గబ్బిలం' 1941లో వెలువడింది. గబ్బిలం ద్వారా కాశీలోని శివుడికి సందేశం పంపే దళితుడు అందులో కథానాయకుడు. అంతవరకు 'నొప్పించు'కు కర్మగా నిలబడే అర్హత లేని మనిషి, అక్కడ తన నొప్పికి తానే వక్త అయ్యాడు. అది తెలుగు కావ్యంలో జరిగిన పెద్ద మార్పు. 1993లో 'నీలి మేఘాలు', 1995లో 'చిక్కనవుతున్న పాట', 1998లో 'జల్‌జలా' సంకలనాలు అదే స్థానాన్ని స్త్రీలకు, దళితులకు, ముస్లింలకు మరింత విస్తరించాయి. ఆ కవిత్వం అశ్లీలమని, విభజిస్తున్నదని నొచ్చుకున్నవాళ్లలో అభ్యుదయవాదులమని చెప్పుకున్నవారూ వున్నారు. నొప్పి చెప్పుకున్నవాళ్లే నొప్పించినవాళ్లుగా నిందపడటం ఈ వర్గ చరిత్రలో భాగమే.

చట్టం కూడా ఈ తేడాను ఒకచోట గుర్తించింది. 1985లో కారంచేడు దారుణం తర్వాత నాలుగేళ్లకు వచ్చిన 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో భావాల ప్రస్తావనతో కాక అవమానం ప్రస్తావనతో ఒక నిబంధన వుంది. ఎస్సీ ఎస్టీలకు చెందిన వ్యక్తిని, ఆ కులాలకు చెందని వ్యక్తి, పదిమంది చూసే చోట, అవమానించే ఉద్దేశంతో దూషిస్తే నేరం. ఇందులో కర్త వున్నాడు, బాధితుడు వున్నాడు, స్థలం వుంది, ఉద్దేశం వుంది, అన్నింటినీ మించి ఇద్దరి మధ్య వున్న ఎక్కువ తక్కువల గుర్తింపు వుంది. 'రాజిగా' అన్న పిలుపు నొప్పిస్తుందని రాజ్యం అంగీకరించడానికి ఇంతకాలం పట్టింది. స్టేషన్ ఘన్‌పూర్ లాంటి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో ఓటు వేసే మనిషికి ఈ తేడా పుస్తకాల సంగతి కాదు, ఠాణా మెట్ల దగ్గర ఎదురయ్యే సంగతి.

కాబట్టి నొప్పి వున్నదా లేదా అన్నదొక్కటే కొలత కాదు. ఎవరు అన్నారు, ఎవరిని అన్నారు, ఆ ఇద్దరిలో బలం ఎవరిది, ఆ మాట మనిషి పుట్టుకను కొడుతున్నదా, లేక మనిషి కావాలనుకుంటే వదులుకోగల విశ్వాసాన్నీ ఆధిపత్యాన్నీ ప్రశ్నిస్తున్నదా అని విడదీసి చూడాలి. ఒక దేవుడి కథను విమర్శిస్తే భక్తుడు నొచ్చుకోవచ్చు. ఆ నొప్పి అబద్ధమని మనం అనక్కర్లేదు. కాని ఆ నొప్పికి జవాబు చెప్పుకోవచ్చు, చర్చించుకోవచ్చు, ఆ భక్తుడి బతుకు ఆ విమర్శ వల్ల తగ్గిపోదు. కులం పేరుతో తిట్టుపడ్డ మనిషికి ఆ వెసులుబాటు లేదు. ఆ తిట్టు వెనక భూమి వుంది, బావి వుంది, కూలి వుంది.

7

సాహిత్య విద్యార్థులు చేయదగిన పని ఒకటి ఇక్కడ మిగిలివుంది. మనసును బాధపెట్టడానికి సంబంధించిన మాటలు ప్రతి ప్రాంతంలో, ప్రతి వృత్తిలో ఎన్నో వున్నాయి. నిఘంటువుల్లో కొన్నే చేరాయి, చేరినవాటికి కూడా అర్థం ఒక్కటే ఇచ్చారు. ఎవరు ఎవరితో అంటారు అన్నది ఇవ్వలేదు. చాకలివాడలో, మాదిగవాడలో, సాలెల ఇళ్లలో, ముస్లిం బస్తీల్లో ఈ మాటలను సేకరించి, ప్రతి మాట పక్కన అన్నవారి స్థానం, పడ్డవారి స్థానం రాసుకోవాలి. 'మాట వడుడు', 'మనాది', 'ఉసురు' లాంటివి యాసలో మురిపెంగా వాడుకునే అలంకారాలు కావు, సామాజిక సంబంధాలకు దొరికే సాక్ష్యాలు. అట్లాంటి సేకరణ చేతిలో వుంటే కథలో దొర మాట్లాడినా, పాలేరు మాట్లాడినా ఏ క్రియ ఎవరి నోట నిలుస్తుందో రచయితకు తెలుస్తుంది, విమర్శకుడికీ తెలుస్తుంది.

ఇక సభల్లోనూ సమీక్షల్లోనూ 'మనోభావాలు దెబ్బతిన్నాయి' అన్న వాక్యం ఎదురైనప్పుడు, దాన్ని ముందుగా తెలుగు క్రియలోకి మార్చి చెప్పమని అడుగుదాం. ఎవరు ఎవరిని ఏ మాటతో నొప్పించారో చెప్పగలిగితే కూర్చుని వినవలసిన బాధ్యత మనది. చెప్పలేకపోతే, ఆ వాక్యం కాపాడుతున్నది ఏ మనిషి మనసునూ కాదని, ఒక అధికారాన్నని నలుగురికీ తెలిసేలా రాయవలసిన బాధ్యత కూడా మనదే.